మూడో జాడీ

సర్వరు అంటే నాకు తెలిసినంతలో హోటల్లో భుజాన తువ్వాలు వేసుకుని, ఒక్క చేతిమీద అయిదు ప్లేట్లు పేర్చుకొచ్చే మనిషి. పది బల్లల దగ్గర పదిమంది పది రకాలు అడిగినా, ఎవరి దోసె వాళ్ళకిచ్చి, ఎవరి బిల్లు వాళ్ళకి చెప్పగల జ్ఞాపకశక్తి ఉన్న మనిషి. నలభై ఏడో ఏట నేను బజారుకెళ్ళి ఒక సర్వరుని కొనుక్కురావలసి వస్తుందని ఏ జ్యోతిష్కుడూ నాకు చెప్పలేదు.

కొనవలసింది నాకోసం కాదులెండి. మా మహిళా మండలి గ్రంథాలయానికి. విజయవాడలో బుడమేరుకి దగ్గరగా ఉన్న ఒక కాలనీలో, కింది వాటాలో రెండు గదులు. తొమ్మిదివేల పుస్తకాలు, ఆరువందల పైచిలుకు సభ్యులు. దానికి నేను కార్యదర్శిని. నవలలు రాస్తాను కాబట్టి గ్రంథాలయం నడపడం కూడా వచ్చుననుకున్నారు. పాలు తాగేవాళ్ళందరికీ గేదెని పితకడం వచ్చునా? ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు.

ఈ కథకి మొదలు 2023 మే నెల. మా దగ్గర ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటరు ఒకటి ఉండేది. పుస్తకాల పట్టిక, సభ్యుల పేర్లు, వాళ్ళు కట్టిన డిపాజిట్లు, అన్నీ ఒకే ఒక ఫైల్లో రాసుకునేవాళ్ళం. బెజవాడ ఎండలు మీకు తెలుసుగా! మిట్టమధ్యాహ్నం ఫ్యాను గిర్రున తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. కరెంటు వచ్చాక కంప్యూటరు లేచింది గానీ ఆ ఫైలు తెరుచుకోలేదు. బాగుచేసే కుర్రాడు వచ్చి చూసి, "ఫైలు కరప్టయిపోయింది మేడమ్" అన్నాడు. ఆ జబ్బు ఆఫీసుల్లో ఉంటుందని విన్నానుగానీ, ఫైళ్ళకి కూడా అంటుకుంటుందని అప్పుడే తెలిసింది.

గుర్తున్నంతవరకు, దొరికిన కాగితాలనిబట్టి, పట్టిక మళ్ళీ తయారు చేశాం. ఆగస్టులో ఒకావిడ వచ్చింది. అప్పడాలు ఒత్తి అమ్ముకునే మామ్మగారు. వారానికి రెండు నవలలు పట్టుకెళ్ళేది. మనవరాలి పురుడికి డబ్బు అవసరమై, తను కట్టిన అయిదువందల డిపాజిట్టు వెనక్కి ఇమ్మంది.

నేను కంప్యూటర్లో వెతికాను. ఆవిడ పేరు లేదు.

"రసీదు ఉందా మామ్మగారూ?"

"ఎక్కడో పెట్టానమ్మాయ్, కనపడలేదు. డబ్బు మాత్రం కట్టాను."

"కంప్యూటర్లో లేదండీ మరి."

అంతే అన్నాను. నువ్వు అబద్ధమాడుతున్నావని నేననలేదు. కానీ ఆ మాటకి అర్థం అదేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత బీరువా సర్దుతుంటే, పూర్వం పనిచేసిన లైబ్రేరియన్ గారి పొడుగాటి నోటు పుస్తకం బయటపడింది. అందులో ఆవిడ పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. పక్కన అయిదువందలు. తారీకు. మర్నాడు పొద్దున్నే డబ్బు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంటూ అడిగింది:

"కంప్యూటరు చెప్పిందా అమ్మాయ్?"

"లేదండీ. నోటు పుస్తకం చెప్పింది."

"మరి దాన్నెందుకు పెట్టుకున్నారూ?"

ఇప్పటికి పదకొండు నవలలు రాశాను. నా పాత్రల చేత ఒక్కసారి కూడా అంత చురుకైన సంభాషణ చెప్పించలేకపోయాను.

అందుకే మండలి సమావేశంలో సరైన మిషను కొనాలని తీర్మానం చేసినప్పుడు, ఆ బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. బ్యాంకులో ఉన్నది లక్షా ఇరవై వేలు. మొదట పిలిచిన దుకాణం అతను రెండు లక్షల ఎనభై వేలకి కొటేషను ఇచ్చాడు. దాన్నిండా అంకెలే. ఒక్కటీ అర్థం కాలేదు. నేను చదివింది బి.ఎ., అదీ చరిత్రా స్పెషల్ తెలుగూ. అర్థం కాని కాగితం కనపడితే సంతకం పెట్టకూడదన్నంతవరకే నా లోకజ్ఞానం.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడి పనే ఇది.

"అత్తా, ముందు మిషను మాట పక్కన పెట్టు. మీకు ఏం పని కావాలి?"

"పుస్తకం ఎవరు తీసుకెళ్ళారో, ఎవరు ఎంత కట్టారో రాసి ఉంచాలి. అడిగితే చెప్పాలి. కరెంటు పోయినా మరిచిపోకూడదు."

"అయితే ముందు ఆ పని చేసే సాఫ్టువేరు ఏదో చూద్దాం. అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద బాగా నడుస్తుందో అది ఎంచుకుందాం. పెట్టె సంగతి ఆఖరున."

మేము చేస్తున్నది సరిగ్గా దానికి తలకిందులు. పెళ్ళికొడుకు కుదరకుండానే సూటు కుట్టించడానికి కొలతలు ఇస్తున్నామన్నమాట!

గ్రంథాలయాలకోసమే కోహా అని ఒక సాఫ్టువేరు ఉందిట. న్యూజిలాండులో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయంకోసం తయారుచేసి, 2000లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కోహా అంటే అక్కడి మావోరీల భాషలో కానుక. అది లినక్సు మీద నడుస్తుంది. దాంతో మా సంబంధం సగం కుదిరినట్టే అయింది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో వాడు గంటసేపు చెప్పాడు. నాకు అర్థమైంది ఇంత: ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు ఉంటుంది చూడండి, పొయ్యి ఎవరికి ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, సామాన్లగది తాళాలు ఎవరికి ఇవ్వాలో, పెరటి తలుపు రాత్రి గడియ పెట్టారో లేదో చూసుకునే ఆవిడ, అదీ సంగతి. ఆవిడ కనపడదు. ఆవిడ లేకపోతే ఇల్లు కనపడదు.

దుకాణం అతను విండోస్ సర్వరు పెట్టమన్నాడు. అది పనికిరానిదేం కాదు. ఎన్నో పెద్ద ఆఫీసులు దానిమీదే నడుస్తున్నాయి. కానీ దానికి మిషనులో ప్రాసెసరు కోర్లు ఎన్నో లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. ఆ పైన దాన్ని వాడే మనుషులకో మిషన్లకో విడిగా అనుమతులు కొనాలి. భోజనానికి డబ్బు కట్టాక విస్తరికీ, కూర్చున్న పీటకీ వేరే కట్టినట్టు. మా లక్షా ఇరవై వేలల్లో అది ఇమడదు.

"లినక్సులో మాత్రం ఒకటా, ఎన్నో కుటుంబాలున్నాయి. ఎవరింటికి వెళ్ళినా ఉచితమే కదా అనుకోకు" అన్నాడు మా వాడు. సెంటోస్ అని ఒకటుండేదిట. దాని ఎనిమిదో కూర్పుకి 2029 దాకా మరమ్మతులుంటాయని నమ్మి ఎంతోమంది చేరారు. 2020 డిసెంబరులో, వచ్చే ఏడాది ఆఖరుకే ఆపేస్తున్నామని చెప్పేశారు. ఇల్లు ఉచితంగా ఇచ్చినవాళ్ళు ఖాళీ చెయ్యమంటే ఎవరితో చెప్పుకుంటాం? అంచేత ఎంత బాగుందని కాదు, ఎన్నాళ్ళు నిలబడుతుంది, దాన్ని చూసుకునేవాళ్ళెవరు అని అడగాలి. పిల్లనిచ్చేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే.

చివరికి డెబియన్ కుదిరింది. దానికి యజమాని అంటూ ఏ కంపెనీ లేదు. ప్రపంచంలో నలుమూలలా ఉన్న స్వచ్ఛంద సేవకులు ఏడాదికోసారి నాయకుణ్ణి ఎన్నుకుని నడుపుతారు. అంటే అదీ ఒక మండలే! ఒక కూర్పు వచ్చాక సుమారు అయిదేళ్ళపాటు రక్షణకి సంబంధించిన మరమ్మతులు వస్తాయి. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ అప్పుడు కాలేజీ కుర్రాడు. తన ప్రియురాలు డెబ్రా పేరు ముందు పెట్టి, తన పేరు వెనక చేర్చి డెబియన్ అన్నాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నారు, కొన్నేళ్ళకి విడిపోయారు. ఆయన 2015లో పోయాడు కూడా. ఆ పేర్లు మాత్రం విడిపోలేదు. నవలా రచయిత్రికి ఇంతకన్నా ఏం కావాలి? మేము కొనే వేళకి వాడుకలో ఉన్న పన్నెండో కూర్పుకి పెట్టిన ముద్దుపేరు బుక్‌వార్మ్, అంటే పుస్తకాల పురుగు. శకునం కుదిరిందన్నాను. మా వాడు నవ్వేడు.

లెక్కలు దాచే డేటాబేసు పేరు మరియాడీబీ. దాని వెనకా ఒక ఇంటి కథ ఉంది. ఫిన్లండు దేశస్థుడు మైకేల్ విడేనియస్ పెద్దకూతురు పేరు మీద మైఎస్‌క్యూఎల్ అని పెట్టాడు. ఆ కంపెనీ 2008లో ఒకరి చేతికి, 2010లో మరొకరి చేతికి వెళ్ళింది. పెద్దదాని భవిష్యత్తు ఏమవుతుందోనని బెంగపెట్టుకుని, అదే మూలంలోంచి 2009లో ఇంకొకటి వేరుచేసి, దానికి చిన్నకూతురు మరియా పేరు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ కంప్యూటర్లంటే ఇనప గుండెలనుకున్నాను. లోపల ఇంత సంసారం ఉందని ఎవరైనా చెప్పారా?

ఇక పెట్టె. ఇక్కడే నేను చాలా నేర్చుకున్నాను. దుకాణం అతని కొటేషనులో వేగానికే డబ్బంతా పోసేశాడు. మా తొమ్మిదివేల పుస్తకాల వివరాలూ కలిపితే ఒక పాత సీడీలో పట్టేస్తాయిట. దానికి రేసుగుర్రం ఎందుకు? మాకు కావలసింది నమ్మకమైన ఎద్దు.

నమ్మకం అంటే ఏమిటి? మా తాతగారికి కిరాణా కొట్టుండేది. బేరం అవగానే ముందు చిట్టాలో రాసేవారు, తీరుబడిగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా రాస్తుండగా దీపం ఆరిపోయినా ఫరవాలేదు, చిట్టా చూసి మళ్ళీ రాసుకోవచ్చు. మంచి డేటాబేసు చేసేది అచ్చంగా అదే. చిట్టాలో భద్రంగా పడ్డాకే "రాశాను" అంటుంది. మా పాత ఫైలుకి చిట్టా లేదు. ఉన్న ఆవర్జానే చెరిపి రాస్తుండగా కరెంటు పోయింది.

అయితే ఇందులోనూ ఒక మోసం ఉంది. చవకరకం డిస్కులు కొన్ని ఇంకా రాయకుండానే రాసేశానని చెప్పేస్తాయిట. "హోంవర్కు అయిపోయిందమ్మా" అని పిల్లలు అన్నట్టు. సర్వర్లకోసం చేసిన డిస్కుల్లో కొన్నిటికి కాస్త విద్యుత్తు దాచుకునే ఏర్పాటుంటుంది. కరెంటు పోయినా ఆ కొన ఊపిరితో చేతిలో ఉన్న మాట రాసేసి మరీ ఆగిపోతాయి. అటువంటివి రెండు తీసుకున్నాం. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది. ఒకటి చెడితే రెండోది పనిచేస్తుంది.

జ్ఞాపకశక్తి పదహారు జీబీ చాలన్నాడు, కానీ తప్పులు దిద్దుకునే రకం కొనమన్నాడు. వేడివల్లనో, లోపంవల్లనో, ఆకాశంలోంచి వచ్చే కిరణాలవల్లనో లోపల ఒక్కొక్కసారి ఒక చిన్న గుర్తు తారుమారవుతుందిట. ప్రతి అరవైనాలుగు గుర్తులకీ మరో ఎనిమిది కాపలా గుర్తులుంచితే, ఒక తప్పు వస్తే అదే దిద్దుకుంటుంది, రెండు వస్తే పట్టుకుని చెబుతుంది. "ఒక్క గుర్తుకోసం ఇంత ఖర్చా?" అన్నారు మా అధ్యక్షురాలు గారు. నాకు మాత్రం మారుమాట్లాడకుండా అర్థమైంది. నా రెండో నవలలో నాయకుడు నాయిక కళ్ళలోకి చూశాడని రాస్తే, అచ్చులో ఎక్కడినుంచో ఒక దీర్ఘం వచ్చి పడి, కాళ్ళలోకి చూశాడు! ఆ ఒక్క దీర్ఘంకోసం ఇప్పటికీ మా ఆడపడుచులు నన్ను ఏడిపిస్తారు.

యూపీఎస్ మీద కూడా నాకో భ్రమ ఉండేది, గంటలకొద్దీ నడుపుతుందని. దాని అసలు పని అది కాదు. కరెంటు పోయిందని ఒక తీగ ద్వారా మిషనుకి కబురు చెప్పి, తలుపులన్నీ వేసుకుని మర్యాదగా పడుకునేపాటి వ్యవధి ఇవ్వడం. అంతే.

అన్నీ కలిపి లక్షా పదమూడు వేలు. 2024 జనవరిలో మిషను వచ్చింది. మా వాడు రెండు రోజులు కూర్చుని అన్నీ అమర్చి, సభ్యుల పట్టిక ఎక్కించాడు. తెర మీద చూద్దును కదా, అన్నీ ప్రశ్నార్థకాలే! ఆరువందల మంది ఆడవాళ్ళూ వరసగా ప్రశ్నార్థకాలై నిలబడ్డారు. ఆడవాళ్ళు అర్థం కారని మగ రచయితలు రాస్తూంటారు గానీ, మరీ ఇంతలా కాదు. తీరా చూస్తే, పట్టిక ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒక చోట ఇంగ్లీషు అక్షరాలకి మాత్రమే పనికొచ్చే పద్ధతి ఉండిపోయింది. వాళ్ళ ఒక్క అక్షరానికి ఒక్క అర సరిపోతుంది. మన అక్షరానికి మూడు కావాలి. క్ష అన్నామంటే కా, పొల్లూ, షా కలిసి తొమ్మిది! ఇరుకు గదిలో పట్టక మన అక్షరాలు పోయి ప్రశ్నార్థకాలు మిగిలాయి. పద్ధతి మార్చి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాడు. అసలు పట్టిక విడిగా దాచుకున్నాం కాబట్టి సరిపోయింది.

దాచుకోవడం అంటే గుర్తొచ్చింది. రెండు డిస్కులున్నాయిగా, ఇంకా నకళ్ళెందుకన్నాను. "నుదుటి మీద బొట్టు చెరిపితే అద్దంలోనూ చెరుగుతుంది కదత్తా" అన్నాడు. రెండో డిస్కు అద్దం లాంటిది. పొరపాటున ఒక పేరు తీసేస్తే రెండింట్లోనూ పోతుంది. నకలు వేరు. మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలిట.

ఇది నాకు కొత్త సంగతి కాదు. మా అమ్మ ఆవకాయ మూడు జాడీల్లో పెట్టేది. ఒకటి వంటింట్లో, ఒకటి అటక మీద, మూడోది వీధి చివర మా పెద్దమ్మగారింట్లో. "మన ఇంట్లో చోటు లేదా?" అని అడిగితే, "ఒకే చోట పెట్టిన సొమ్ము ఒకేసారి పోతుందే" అనేది. ఆ లెక్కనే ఏర్పాటు చేశాం. మొదటి జాడీ మిషనే. రెండోది గ్రంథాలయం బీరువాలో ఒక డిస్కు, రోజూ సాయంత్రం మా అమ్మాయి నకలు తీసి అందులో పెడుతుంది. మూడోది నేను ప్రతి శనివారం మా ఇంటికి తెచ్చుకునే చిన్న డిస్కు. బెజవాడలోనే ఇంకో మూల, మేడ మీద మా ఇల్లు. నెలకోసారి ఆ నకలుని వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలని కూడా మా వాడు ఒట్టు వేయించుకున్నాడు. జాడీ మూత తీసి చూడకపోతే బూజు పట్టిన సంగతి ఎలా తెలుస్తుంది?

మామ్మగారు మళ్ళీ సభ్యురాలిగా చేరారు. కొంగు ముడి విప్పి అయిదువందలు ఇస్తూ, "ఈసారైనా గుర్తుంచుకుంటుందా అమ్మాయ్?" అన్నారు.

2024 ఆగస్టు 31, శనివారం. ఒకటే వాన. డిస్కు తెచ్చుకోవడానికి నేను గడప దాటలేకపోయాను. మర్నాడు ఆదివారం బుడమేరు ఊరి మీద పడింది. తర్వాత జరిగింది మీరంతా పేపర్లలో చదివారు, టీవీల్లో చూశారు. మా గ్రంథాలయంలో నీళ్ళు నా భుజం ఎత్తు నిలబడ్డాయి. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే, కింది అరల్లోని పుస్తకాలు ఉబ్బి ముద్దలైపోయాయి. బీరువా తలుపు రాలేదు. వేయి విధాల ఎంచి, బేరమాడి, కుంకుమ పెట్టి తెచ్చుకున్న మిషను బురదలో పక్కకి ఒరిగి పడుంది. కొన ఊపిరి దాచుకున్న డిస్కులు, తప్పులు దిద్దుకునే జ్ఞాపకశక్తి, అన్నీ ఆ బురదలోనే. తలెత్తు కిటికీ పక్కన బల్ల ఉంటే, తుడవడానికి వీలని కిందనే పెట్టించింది నేనే. అన్నీ ఆలోచించి, దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఆలోచించలేదు.

మూడో జాడీ మా ఇంట్లో ఉంది. ఆగస్టు 24 నాటిది.

మా వాడు తన పాత ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. డెబియన్ మళ్ళీ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మునిగిన మిషనుతో పాటు మునిగిపోయే లైసెన్సూ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి కోహా లేచింది, నకలు ఎక్కింది. ఆరువందల మందీ ప్రశ్నార్థకాలు కాకుండా, పేర్లతో సహా తెర మీద నిలబడ్డారు. ఆ ఒక్క వారం లెక్క మాత్రం పోయింది. అదీ పోయిందనడానికి లేదు. "నేను రెండు తీసుకెళ్ళానండీ", "నాది ఒకటి తడిసిపోయింది, ఖరీదు కడతాను" అని ఒక్కొక్కరే వచ్చి అడక్కుండానే చెప్పి వెళ్ళారు. తమ ఇళ్ళల్లో బియ్యం బస్తాలు తడిసిపోయినవాళ్ళు!

మామ్మగారు పదో రోజున వచ్చారు. చీర అంచుకి ఇంకా బురద మరక ఉంది. అప్పడాల పిండి, పీట, కర్ర, అన్నీ పోయాయిట.

"అడగడానికి నోరు రావడంలేదమ్మాయ్. రసీదు కూడా నీళ్ళలోనే పోయింది..."

నేను పేరు కొట్టాను. తెర మీద వచ్చింది. పక్కన అయిదువందలు. తారీకు. డబ్బు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంటూ అడిగారు:

"ఈసారి ఎవరు చెప్పారు? నోటు పుస్తకమా?"

"కాదండీ, కంప్యూటరే చెప్పింది."

"అది మునిగిపోయిందన్నారుగా?"

"పెట్టె మునిగిందండీ. మాట మునగలేదు."

ఆవిడ కాసేపు ఆ తెర వైపే చూసి, "పోన్లే, బుద్ధొచ్చింది దానికి" అన్నారు. బుద్ధొచ్చింది ఎవరికో నేను చెప్పలేదు.

ఇప్పుడు మండలి మళ్ళీ మిషను కొంది. ఈసారి ఇంకా చిన్నది, తలెత్తు బల్ల మీద ఉంది. శనివారం వానొస్తే డిస్కుకి శుక్రవారమే వెళుతున్నాను. తెచ్చి మా వంటింట్లో పై అరలో పెడతాను. కింది అరలో ఆవకాయ ఉంటుంది.